గ్రహణం మీదికి నెట్టిన తప్పు

తొమ్మిదో నెల నడుస్తున్న మనిషి మీ ఎదురుగా కూర్చొని "కడుపుల బిడ్డ కదులుతలేదు" అంటే మీరు ముందు చేసేది ఏమిటి? ఆమె కడుపు మీద చెయ్యి పెడతారా, నోరు తెరిచి జవాబు చెబుతారా?

ఇదేం ప్రశ్న అనుకోకండి. కొత్తగా నర్సు ఉద్యోగంలో చేరిన మిమ్మల్నే అడుగుతున్నాను. చెయ్యి పెడతాం అని మీరు అంటారు. నేనూ అదే అనేదాన్ని. బోధన్ అవతల చెరుకు ఊళ్లలో ఆరోగ్య ఉపకేంద్రం నర్సుగా ఇరవై ఏళ్లకు పైగా పని చేసి, ఆ తర్వాత నిజామాబాద్‌లో ఉద్యోగ విరమణ చేశాను. నా చేతుల మీదుగా పుట్టిన పిల్లల లెక్క అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ లెక్క మీకు పనికిరాదు. పుట్టకుండా పోయిన ఒక బిడ్డ గురించి చెబుతాను. అది పనికొస్తుంది.

చేతులు నేర్చుకున్న పని

నాకు పని నేర్పిన మనిషి కరుణమ్మ. మెథడిస్టు కుటుంబం నుంచి వచ్చిన పెద్ద సిస్టర్, నా పై అధికారి. రిజిస్టర్లు ఆలస్యమైతే ఒక్క మాట అనేది కాదు. చల్లటి చేతులతో కడుపు ముట్టుకుంటే మాత్రం అక్కడే, అందరి ముందే తిట్టేది. "అది కడుపా, గోడా? ముందు చేతులు రుద్దుకో పిల్లా" అనేది.

ఆరో నెల దాటాక మనం చూడాల్సింది మూడే అని చెప్పింది ఆమె. కడుపు నెలనెలకూ పెరుగుతోందా, బిడ్డ తల ఎటు ఉంది, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది. మొదటిదానికి దర్జీ టేపు, రెండోదానికి రెండు చేతులు, మూడోదానికి ఫీటోస్కోపు, అంటే కడుపు మీద ఆనించి చెవి పెట్టి వినే చిన్న గొట్టం. ఈ మూడూ ఒక సంచిలో పడతాయి. నాలుగోది సంచిలో పట్టదు అనేది. అది తల్లినే అడగాలి: బిడ్డ ఎట్లా కదులుతోంది అని.

మా ఊళ్లలో ఆడవాళ్లకు గడియారాలు లేవు. చక్కెర ఫ్యాక్టరీ కూత ఉంది. చెరుకు క్రషింగ్ లేని నెలల్లో కూడా అది ఆగేది కాదు. కరుణమ్మ దానితోనే లెక్క కట్టించేది. తొమ్మిదో నెల పడ్డ ప్రతి మనిషి ఇంట్లో ఒక గిన్నె, పక్కన గుప్పెడు చింతగింజలు. పొద్దటి కూత నుంచి మాపటి కూత దాకా బిడ్డ కదిలినప్పుడల్లా ఒక గింజ గిన్నెలో వెయ్యాలి. పది పడితే నిశ్చింత. పడకపోతే మర్నాటి దాకా ఆగకుండా నర్సు దగ్గరికి రావాలి. చదువు రానివాళ్లు ఈ లెక్కను చదువుకున్నవాళ్ల కంటే నిఖార్సుగా పెట్టేవాళ్లు. కలుపు తియ్యడానికి పోయినా గింజలు కొంగున కట్టుకుని పోయేవాళ్లు.

తర్వాతి కాలంలో వచ్చిన యంత్రాలను నేను తక్కువ చేసి మాట్లాడను. స్కానింగ్ గొప్పదే. కాని స్కానింగ్ ఆ ఒక్క గంటకే సాక్ష్యం. తల్లి రోజంతా సాక్షి.

నేను నేర్చుకున్న రెండో విద్య

కరుణమ్మ నేర్పినదానితో పాటు నాకు ఇంకో విద్య ఉంది. అది నిజామాబాద్‌లో మా అన్న నేర్పించింది. మా పేటలో ఒక చదువుల గది ఉండేది. ఆదివారం ఆదివారం అక్కడ హేతువాదులు వాదనలు పెట్టుకునేవాళ్లు. దెయ్యం ఉందా, జాతకం నిజమా, బాణామతి ఏమిటి. అన్న వెంట పోయి పోయి నేనూ లేచి మాట్లాడటం మొదలుపెట్టాను. ఎదుటివాళ్ల వాక్యం పూర్తి కాకముందే దాంట్లో బలహీనమైన మాటను పట్టుకోవడం, దాన్ని పది మందికీ ఎత్తి చూపించడం, చప్పట్లు పడేలోపు కూర్చోవడం. ఇందులో నన్ను మించినవాళ్లు ఆ గదిలో లేరు.

ఆ విద్యే ఊళ్లో నాకు పేరు తెచ్చింది. ఆ విద్యే నా చెవులు మూసింది.

గంగామణి ఇంట్లో మొదటి వాదన ఆమె ఎనిమిదో నెలలో జరిగింది. ఆమె మాల్వాడ చివర ఇంటి కోడలు, పుట్టిల్లు నందిపేట్ దిక్కు. పెనిమిటి చెరుకు ట్రాక్టర్ నడిపేవాడు. మూడేళ్ల బిడ్డ ఉంది, ఇది రెండో కాన్పు. అత్త పేరు రాజవ్వ. నేను పోయేసరికి గంగామణి ముందు పళ్లెంలో పిడికెడు జొన్న గటక ఉంది. అంతే.

"ఏంది రాజవ్వా, కోడలికి గింతేనా?" అన్నాను.

"ఎక్కువ తింటే బిడ్డ బలుస్తది. కాన్పు కష్టమైతది. మా అవ్వ నాకు గిట్లనే పెట్టింది. నేను నా కోడలికి పెడుతున్న. మధ్యల నీకేంది?"

ఇది మన దగ్గర పాత ఆచారం. చివరి నెలల్లో, బిడ్డ బరువు పెరిగే ఆ రెండు నెలల్లోనే, తల్లి నోరు కట్టేస్తారు. అవన్నీ చెప్పాను. వాడకట్టు ఆడవాళ్లు చుట్టూ చేరారు. చేరినకొద్దీ నాకు హుషారు వచ్చింది. రాజవ్వ కూడా తగ్గలేదు.

"అన్నీ సెప్తవు గని, నువ్వెందరిని కన్నవు నర్సమ్మా?" అంది. నాకు పెళ్లి కాలేదు. ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

అప్పుడు నేను అన్న మాట ఇన్నేళ్ల తర్వాత రాయడానికి చెయ్యి రావడం లేదు. రాయాలి. "నువ్వు ఏడుగురిని కన్నవు రాజవ్వా. నలుగురిని మట్టిల పెట్టినవు. నీ దగ్గర నేను నేర్చుకోవాల్నా?"

నవ్వులు ఆగిపోయాయి. రాజవ్వ లోపలికి పోయింది. కాసేపటికి ఒక గిన్నెలో అన్నం, పప్పు తెచ్చి కోడలి ముందు టక్కున పెట్టింది. నా వైపు చూడలేదు. నేను గెలిచాను. ఆ రోజు గంగామణి కడుపు టేపుతో కొలవడం మరిచిపోయి ఇంటికి వచ్చాను. గెలిచిన సంతోషంలో మరిచిపోయాను అని స్పష్టంగా రాస్తున్నాను.

సూర్యగ్రహణం

తొంభైల నడుమ ఒక సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం పట్టినంతసేపూ కడుపుతో ఉన్నవాళ్లను చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టడం, ఒత్తిగిలనివ్వకపోవడం, కత్తి కాదు కదా సూది కూడా ముట్టనివ్వకపోవడం మీకు తెలిసినవే. నీళ్లు కూడా తాగనివ్వరు. నెల ముందు నుంచే నేను ఆ పనిలో పడ్డాను. గర్భిణులను చూసే బుధవారం పూట వాళ్లను కూర్చోబెట్టి, ఒక లాంతరు, ఒక బంతి, ఒక నిమ్మకాయ పెట్టి గ్రహణం ఎట్లా పడుతుందో చెప్పాను. ఆ నెలలో టేపు సంచిలోనే ఉంది. గంగామణిని చూసి "నువ్వు మంచిగనే ఉన్నవులే" అని ముందుకు పోయాను. రెండు నెలలు ఆ కడుపు ఎవరూ కొలవలేదు.

గ్రహణం రోజు పొద్దున ఉపకేంద్రం ముందు చాప వేసి, నలుగురికీ కనబడేటట్టు ఉప్మా తిన్నాను. ఎవరూ రాలేదు. కడుపుతో ఉన్న మనిషి ఒక్కతన్నా రాకపోతే నా ఉపన్యాసాలకు అర్థం ఏమిటి? నేరుగా గంగామణి ఇంటికి పోయాను.

"అత్తమ్మ వద్దంటుంది నర్సమ్మా" అంది తలుపు సందులోంచి.

"నాకు తెలుసు వద్దంటదని. నువ్వేమంటున్నవు?"

"నాకేం లేదు. నాకు భయం లేదు. గని ఇంట్ల లొల్లి అయితది."

"ఈ ఒక్క పూట లొల్లి అయితే మీ బిడ్డ కాలానికి ఉండదు. రా."

వచ్చింది. చాప మీద కూర్చుంది. పైకి చూడకు అని చెప్పి, ఒక సొరకాయ, కత్తిపీట ఆమె ముందు పెట్టాను. నవ్వుకుంటూ కోసింది. వాడ మొత్తం తలుపుల సందుల్లోంచి చూసింది. గ్రహణం బిడ్డను చంపదని ఆనాడు అన్నాను, ఈనాడూ అంటాను. అందులో నాకు ఏ సందేహమూ లేదు. కాని ఆ పొద్దున నేను గంగామణిని కాపాడుతున్నాను అనుకున్నాను. నిజానికి ఆమెను నా వాదనకు రుజువుగా వాడుకున్నాను. ఒక మనిషిని రుజువుగా వాడుకున్నప్పుడు ఆ రుజువుకు దెబ్బ తగలకూడదు. ఆమెకు ఒంట్లో బాగా లేకపోయినా బాగుందనే అనుకోవాలనిపిస్తుంది.

మూడో రోజు

మూడో రోజు పొద్దున అత్తాకోడళ్లు ఇద్దరూ వచ్చారు. టీకాల రోజు. వరండా నిండా తల్లులు, పిల్లల ఏడుపులు.

"నర్సమ్మా" అంది గంగామణి. "గ్రహణం నాటి సంది బిడ్డ తక్కువ కదులుతుంది. నిన్న మాపటి కూత దాకా మూడే గింజలు పడ్డయి. ఇయ్యాల పొద్దుగాల ఒక్కటే."

చదువుతున్న మీకు ఆ వాక్యంలో ఏం వినబడింది? మూడు. ఒకటి. నేను నేర్పిన లెక్కనే ఆమె నాకు తెచ్చి అప్పజెప్పింది. నాకు వినబడింది మాత్రం మొదటి మాట: గ్రహణం.

అంతలో రాజవ్వ అందుకుంది. "వద్దంటే ఇనకపాయె. సొరకాయ కోపిచ్చినవు. ఇప్పుడు సూడు. నాకెరుకే ఈ నిమ్మళం. నా నలుగురిల ఇద్దరు గిట్లనే నిమ్మళమైన్రు. రెండు దినాలు ఊకున్నరు, మూడో దినం..."

నేను ఆమె వాక్యం పూర్తి కానివ్వలేదు. లేచి నిలబడ్డాను. "ఆ ఇద్దరప్పుడు ఏ గ్రహణం పట్టింది రాజవ్వా? చెప్పు, అందరు వింటున్నరు" అన్నాను. వరండాలో ఎవరో నవ్వారు. ఇక ఆగలేదు. సూర్యుడు ఎంత దూరం, నీడ ఎక్కడ పడుతుంది, సొరకాయకూ బొడ్డుపేగుకూ సంబంధం ఏమిటి. చాలాసేపు మాట్లాడాను. బాగా మాట్లాడాను.

ఒక్క క్షణం ఆలోచించండి. రాజవ్వ ఆ రోజు చెప్పింది మూఢనమ్మకం కాదు. కడుపులో బిడ్డ నెమ్మదించి చచ్చిపోవడం ఎట్లా ఉంటుందో తన ఒంటితో రెండుసార్లు చూసిన మనిషి చెప్పిన సాక్ష్యం. కారణం తప్పు చెప్పింది. జరుగుతున్నది సరిగ్గా చెప్పింది. హేతువాదం అంటే సాక్ష్యాన్ని చూడటం. నేను ఆమె కారణాన్ని ఓడగొట్టి, ఆమె సాక్ష్యాన్ని కూడా దాంతోపాటు బయట పారేశాను. ఎందుకంటే ఆమె రాజవ్వ. నాతో ఒకసారి ఓడిపోయిన మనిషి.

ఫీటోస్కోపు నా సంచిలో ఉంది. సంచి నా కుర్చీకి వేలాడుతోంది. తియ్యలేదు.

"భయపడకు. ఇంటికి పోయి కడుపు నిండ తిను, పండుకో" అన్నాను గంగామణితో.

ఆమె లేవలేదు. "ఒక్కపారి గొట్టం పెట్టి చూడరాదు?" అంది చిన్నగా.

"బుధవారం రా, చూస్తా. ఇప్పుడు పెడితే మీ అత్త మాట నమ్మినట్టే అయితది" అన్నాను.

బోధన్ ఆసుపత్రిలో

మర్నాడు మధ్యాహ్నం ట్రాక్టర్ ట్రాలీలో చెరుకాకు పరిచి ఆమెను తీసుకుపోతూ ఉపకేంద్రం ముందు ఆపారు. పొద్దటి నుంచి ఒక్క గింజ కూడా పడలేదు. నేనూ ఎక్కాను. దారి పొడవునా గొట్టం పెట్టి వింటూనే ఉన్నాను. ఆమె నాడి వినబడింది. ఇంకేమీ వినబడలేదు. ఇంజను చప్పుడులో వినబడడం లేదేమో అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు చూశాడు. స్కానింగ్ చేయించాడు. బిడ్డ పోయింది.

"కదలిక ఎప్పటి నుంచి తగ్గింది?" అని అడిగాడు.

గంగామణి బల్ల మీద పడుకుని నా మొహం చూసింది. నేను చెప్పాలని చూసింది. నిన్న పొద్దున వచ్చి చెప్పింది సార్, నేను చూడలేదు అని చెప్పాలి. అంత చిన్న వాక్యం.

"గ్రహణం నాటి నుంచి అంటున్నరు సార్" అన్నాను.

డాక్టరు నవ్వాడు. "మీ ఊళ్లల్ల గ్రహణం తప్ప ఇంకోటి లేదా సిస్టర్? ముందే ఎందుకు తీసుకురాలేదమ్మా?" అని రాజవ్వ మీద కేకలు వేశాడు. రాజవ్వ చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ కేకలు నా మీద పడాల్సినవి.

గ్రహణానికి వ్యతిరేకంగా నెలరోజులు లాంతరు పట్టుకుని తిరిగిన నేను, నా తప్పు దాచుకోవడానికి అదే గ్రహణం చాటుకు పోయాను.

బిడ్డ మగబిడ్డ. నెలలు నిండినా బరువు బాగా తక్కువ. లోపల ఎదుగుదల ముందే మందగించిందని డాక్టరు అన్నాడు. టేపు పెట్టి ఉంటే నెల ముందే అనుమానం వచ్చేది. మూడో రోజు పొద్దున గుండె విని వెంటనే పంపి ఉంటే బతికేవాడా? చెప్పలేను. బతికేవాడని రుజువు లేదు. బతకడని కూడా రుజువు లేదు. ఆ అవకాశాన్ని నేను తీసేశాను. అంతవరకు మాత్రం రుజువు ఉంది.

నింద ఎవరికి పోయింది

వాడ ఏం తేల్చిందో చెప్పాలా? సొరకాయ కోసింది, బిడ్డ పోయింది. నా ఉపన్యాసాలు అన్నీ ఆ ఒక్క వాక్యం ముందు కొట్టుకుపోయాయి. ఆ తర్వాత ఏ గ్రహణానికీ ఆ ఊళ్లో కడుపుతో ఉన్న మనిషి గడప దాటలేదు. మూఢనమ్మకానికి నేను చేసినంత సేవ ఏ పురోహితుడూ చెయ్యలేదు.

పెనిమిటి గంగామణితో నెలల తరబడి మాట్లాడలేదని విన్నాను. శుభకార్యాలకు పిలవడం మానేశారు. నేను వాడ మధ్యలో నిలబడి, తప్పు ఆమెది కాదు, గ్రహణానిది కాదు, నాది అని చెబితే ఆ నింద ఆగేది. ఉపకేంద్రం నుంచి ఆమె గడప ఎంతో దూరం లేదు. పోలేదు. ఉద్యోగం పోతుందని భయం. అంతకంటే ఎక్కువ, రాజవ్వ ముందు ఓడిపోతానని భయం. ఏడాది తిరక్కుండానే వేరే ఊరికి బదిలీ పెట్టించుకున్నాను.

చాలా ఏళ్ల తర్వాత, నా ఉద్యోగం చివరి రోజుల్లో, నిజామాబాద్ బస్టాండులో ఎవరో నా భుజం తట్టారు. గంగామణి. నందిపేట్ బస్సు కోసం నిలబడి ఉంది. పక్కన ఎదిగిన ఆడపిల్ల.

"గుర్తు పట్టినవా నర్సమ్మా?"

"పట్టిన. మంచిగున్నవా? రాజవ్వ మంచిగున్నదా?"

"పోయినేడు పోయింది. సచ్చేదాకా నన్ను సొరకాయ ముట్టనియ్యలే" అని నవ్వింది. నవ్వు ఆగాక అంది: "నాకు మాత్రం ఎరుకే, గ్రహణం ఏం చెయ్యదని. నువ్వు చెప్పింది నమ్మిన. గా ఊళ్లె నీ మాట నమ్మిందాన్ని నేనొక్కదాన్నే."

నేను ఏదో అనబోయాను.

"ఊకో, ఇప్పుడేం చెప్తవు. వాడంత నన్నన్నరు. అత్తమ్మను డాక్టర్ అన్నడు. నిన్ను ఒక్కలన్న అన్నరా? గ్రహణం పట్టింది మాకు నర్సమ్మా. నిన్ను గట్టెక్కించింది."

కోపంగా అనలేదు. బస్సు వచ్చింది. "పైలంగ పో" అని నాతోనే అని, పిల్ల చెయ్యి పట్టుకుని ఎక్కింది.

మీరు చెయ్యాల్సింది

నా బాధ చూసి జాలిపడమని ఇదంతా రాయలేదు. మీరు మూఢనమ్మకాలతో పోరాడండి. నాకంటే గట్టిగా పోరాడండి. కాని బల్ల మీద కడుపుతో ఉన్న మనిషి ఉన్నంతసేపు పోరాటం ఆపండి. ఆమె దయ్యం అన్నా, దిష్టి అన్నా, గ్రహణం అన్నా, ఆ మాట వెనక ఆమె ఒళ్లు చెబుతున్నది ఏమిటో ముందు వెతకండి. అత్త చెప్పినా వెతకండి. మీకు నచ్చని అత్త చెబితే ఇంకా ఎక్కువ వెతకండి.

రేపు పొద్దున మీ ఊళ్లో ఎనిమిదో నెల దాటిన ప్రతి ఇంటికీ పొండి. మొదటి మాటగా బిడ్డ కదలిక అడగండి. కొలవండి, వినండి. తగ్గిందని ఆమె అంటే, మీకు బాగానే వినబడినా సరే, అదే పూట పెద్దాసుపత్రికి తీసుకుపొండి. వాదన ఏదైనా ఉంటే కాన్పు అయ్యాక పెట్టుకోండి.

ఇంతా చేసి ఎప్పుడో ఒకప్పుడు మీరూ తప్పు చేస్తారు. ఆ రోజు బదిలీ కాగితం రాయకండి. ఆమె వాడకు నడిచి పొండి. పెనిమిటి ముందు, అత్త ముందు, తలుపుల సందుల్లోంచి చూసే ప్రతి ఒక్కరి ముందు ఆమె పక్కన నిలబడి, తప్పు మీదని మీ నోటితో చెప్పండి. ఆమె మీద రాయి పడకముందే చెప్పండి.